లాగ్ అనని మేష్టారు

మా ఆయన నోరు తిరగని మాటంటూ లేదు. బైబిల్లో ఉన్న పేర్లన్నీ, నెబుకద్నెజరుతో సహా, గడగడా చదివేస్తారు. మా వీధి చివరి పోలండు ఆయన ఇంటిపేరు పోస్టుమేనుకి కూడా రాదు, ఈయనకొచ్చు. కానీ ‘లాగ్’ అని ఇంత చిన్న మాట ఉంది చూడండి, దాన్ని మాత్రం చచ్చినా అనరు. అలాగని ఈయనేమన్నా బట్టల కొట్టు గుమస్తానా అంటే కాదు, లెక్కల మేష్టారు. లాగ్ అనకుండా లెక్కలు చెప్పే మేష్టార్ని మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను. చూడ్డమేంటి నా మొహం, కాపరం చేస్తున్నాను.

నా పేరు లూసీ. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో హెర్న్‌డన్‌కి దగ్గర్లో ఒక హాస్పిటల్లో నర్సుని. మా ఆయన పేరు కృపావరం. డెబ్బై ఆరులో నా ఉద్యోగం మీద వీసా వస్తే, నా వెనకాల ఆయనా, మా అమ్మాయి రూతూ వచ్చారు. తెనాలిలో ఆయన రోడ్డు మీద నడుస్తుంటే పిల్లలు సైకిళ్ళు దిగి నిలబడేవాళ్ళు. ఇక్కడ ఆయన బీఎడ్డుని ఎవడూ పట్టించుకోలేదు. కార్పెట్ల గోడౌన్‌లో పనికి కుదిరారు. చుట్టలు భుజాన వేసుకుని మోసి, సాయంత్రం ఇంటికొచ్చి, మాట్లాడకుండా అన్నం తినేవారు. అన్నం ముందు ప్రార్థన మాత్రం పెద్దది చేసేవారు. చారు చల్లారిపోయేది.

అలాంటి మనిషికి ఎనభై ఒకటిలో, పెద్దవాళ్ళకి సాయంత్రం క్లాసులు చెప్పే బళ్ళో లెక్కల క్లాసొకటి దొరికింది. పగలు ఉద్యోగాలు చేసుకుని, మళ్ళీ కాలేజీలో చేరదామనుకునేవాళ్ళు వస్తారు అక్కడికి. వారానికి రెండు సాయంత్రాలు. ఆ రెండు సాయంత్రాలూ ఆయన నడక వేరు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు, నా ఇస్త్రీ మీద నమ్మకం లేదు. అక్కడ బోలెడు సుద్దముక్కలున్నా మాత్రల సీసాలో తన సుద్దముక్కలు తను పట్టుకెళ్ళేవారు. డ్రైవింగ్ టెస్టు ఎన్నిసార్లు రాసినా పోతూనే ఉంది కనక కార్లో నేనే దింపాలి. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు పీకుతున్నా దింపేదాన్ని. ఆయన మొహం అట్లా వెలిగితే చూడ్డం నాకూ బావుండేది, అబద్ధమెందుకు.

ఇంక ఆ మాట సంగతి చెబుతాను. ఇది ఆయన చెప్పింది కాదు, చెప్పరు కూడా. మా పెద్దాడపడుచు చెప్పింది.

మా పెళ్ళికి ముందు తెనాలి మిషన్ స్కూల్లో కొత్తగా చేరినప్పుడు, పదకొండో తరగతికి లాగరిథమ్స్ చెప్పాల్సి వచ్చింది. తెలుగు పుస్తకంలో దాన్ని సంవర్గమానం అంటారు. ఈయనా అట్లాగే చెబుతున్నారు, బాగానే ఉంది. అంతలో స్కూలు తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారొచ్చారు, సూటూ బూటూ వేసుకుని. ఆయన ముందు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వాడితే మెచ్చుకుంటారనుకున్నారు కాబోలు మావారు. బోర్డు మీద లెక్క వేసి, పిల్లల వైపు తిరిగి, గొంతు సవరించుకుని, ‘రెండు పక్కలా లాగ్ తీయండి’ అన్నారు.

లాగులేసుకున్న మగపిల్లలు నలభై మంది! వాళ్ళకి వినపడింది లాగ్ కాదు, లాగు. వెనక బెంచీ వాడొకడు చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడిలా లేచి నిలబడి, ‘రెండు పక్కలా అంటే ముందూ వెనకానా మేష్టారూ?’ అన్నాట్ట.

అంతే. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. హెడ్‌మాష్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ భుజాలదిరేట్టు నవ్వారు. ఇన్‌స్పెక్టరు గారైతే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నార్ట. మావారొక్కరే నవ్వలేదు. ఆ సాయంత్రానికి ఆయన పేరు ఊరంతా లాగు మేష్టారు. మా పెళ్ళిలో చర్చి మెట్లు దిగుతుంటే గోడ మీద కూర్చున్న పిల్లవెధవలు ‘లాగు మేష్టారికీ జై’ అని అరిచారు. నాకేం అర్థంకాక, జై అంటున్నారు కదాని నవ్వాను. ఆయన నా చెయ్యి వదిలేసి ముందుకెళ్ళిపోయారు.

అప్పట్నుంచీ ఆ మాట నోటికి నిషేధం. ‘లాగరిథమ్’ అన్నా మొదట్లో లాగే ఉంది కదా, అందుకని అదీ బంద్. తెలుగు క్లాసులో సంవర్గమానం అంటే గడిచిపోయింది. వర్జీనియాలో ఎట్లా గడుస్తుంది? మొదట్లో ‘దిస్ ఫంక్షన్’, ‘దట్ ఫంక్షన్’ అంటూ వేలు చూపించి నెట్టుకొచ్చారు. ఏ ఫంక్షనో తెలీక పాపం వాళ్ళు బుర్ర గోక్కునేవాళ్ళు. నేను క్లాసు వెనకాల కుర్చీలో కూర్చుని, చిరిగిన యూనిఫాం కుట్టుకుంటూ వినేదాన్ని. పళ్ళు నూరుకునేదాన్ని.

ఆ క్లాసులోనే నెర్మిన్ అని ఒకావిడ చేరింది. టర్కీ దేశం మనిషి, ఇజ్మీర్లో మందుల షాపులో పని చేసిందిట, ఇక్కడా ఆ పనే చెయ్యాలంటే పరీక్ష రాయాలి. ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ లెక్కలు ఝామ్మని చేస్తుంది. మొదటిరోజే మావార్ని ‘హోజమ్’ అని పిలిచింది. అదేంటమ్మా అంటే, వాళ్ళ దేశంలో మేష్టార్ని అట్లాగే పిలుస్తార్ట, మా మేష్టారూ అని. మిగతావాళ్ళంతా మిస్టర్ కే, మిస్టర్ కే అంటుంటే ఈ ఒక్క హోజమ్‌కి ఈయన కరిగిపోయారు. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఒకరోజు బోర్డు మీద ఎల్లూ ఓ జీ రాసి, ఎప్పట్లాగే ‘దిస్ ఫంక్షన్’ అంటుంటే నెర్మిన్ చెయ్యెత్తింది.

‘హోజమ్, మేం దీన్ని లోగరిత్మా అంటాం’ అంది.

నేను సూది ఆపి తలెత్తాను. ఆయన సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. లో-గ-రిత్-మా. ముందు లాగు లేదు. చివర కొంచెం సంస్కృతంలా కూడా ఉంది. పైగా కింద రాసే అంకెని, అదే బేస్‌ని, ‘తాబాన్’ అంటార్ట. తాబాన్ అంటే అరికాలు కూడానట, ఆవిడ బూటు ఎత్తి అడుగు తట్టి మరీ చూపించింది. పది తాబాన్ లోగరిత్మా. మావారి మొహం చూడాలి! దారి తప్పిన మనిషికి ఇల్లు కనపడ్డట్టే ఉంది.

అంతే, ఆ రోజు నుంచి క్లాసంతా లోగరిత్మా. ఒక తెలుగాయన, ఇంగ్లీషు దేశంలో, అమెరికావాళ్ళకి, టర్కీ మాటల్తో లెక్కలు చెబుతున్నాడు. ప్రభువా! కార్లో చెవినిల్లు కట్టుకుని పోరాను.

‘ఏవండీ, వాళ్ళు రేపు కాలేజీకెళ్తే అక్కడ ఎవరికి తెలుస్తుందండీ ఆ మాట?’

‘శాస్త్రానికి భాషేంటి లూసీ.’

‘శాస్త్రానికి లేకపోతే మీరు లాగ్ అనొచ్చుగా?’

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఎర్రదీపం దగ్గర ఆపి ఆయన వైపు చూస్తే, పెదాలు కదుపుతూ ఏదో తాబాన్ లెక్క కట్టుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది.

నేనన్నట్టే అయింది. ఆ క్లాసులో డార్లీన్ అని స్కూలు బస్సు నడిపే అమ్మాయి ఉంది, ఇక్కడే వర్జీనియాలో పుట్టి పెరిగిన పిల్ల. నర్సింగ్‌లో చేరాలని దాని ఆశ, అందుకే నాకు దానిమీద కాస్త ప్రేమ. అది కాలేజీకెళ్ళింది. అక్కడ లెక్కలు ఎంతవరకొచ్చో నోటితో అడిగి చూస్తారు. అడిగినాయన ‘టేక్ ద లాగ్’ అన్నాట్ట. దీనికి తెలిసిన లాగ్ పొయ్యిలో పెట్టే కర్రమొద్దు. ‘ఏ లాగ్?’ అంది. ఆయన బోర్డు మీద రాసి చూపించాడు. ‘ఓ! లోగరిత్మా! తాబాన్ ఎంత?’ అంది. ఆయన దాని మొహంలోకి చూసి, అమ్మా నువ్వే దేశంలో చదువుకున్నావు అని అడిగాట్ట. డార్లీన్ ఏడ్చుకుంటూ వచ్చింది. దానికి సీటు రాలేదు, ముందు మాటలు నేర్చుకుని మళ్ళీ రమ్మన్నారు.

ఆ కబురు సాయంత్రం బడి చూసుకునే మిసెస్ హాల్డెన్‌కి వెళ్ళింది. మంచి మనిషే, కానీ మొహమాటం లేదు. మమ్మల్నిద్దర్నీ ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పింది. గురువారం తనొచ్చి క్లాసులో కూర్చుంటుంది. మిస్టర్ కృపావరం నోట సరైన ఇంగ్లీషు మాట వినాలి, క్లాసులోవాళ్ళ నోట కూడా వినాలి. లేకపోతే జనవరి నుంచి ఆ క్లాసు వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది.

‘యు నో ద వర్డ్, డోంట్ యు?’ అని అడిగింది.

‘ఎస్, మేడమ్’ అన్నారు ఈయన. చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చాక మొదలైంది నా తిప్పలు. నేను వంటింట్లో, ఆయన బల్ల దగ్గర, మధ్యలో రూతు.

‘అనండి. లాగ్.’

‘ల్...’ అన్నారు. ‘లో...’ అన్నారు. మంచినీళ్ళు తాగారు.

‘డాడీ, ఇట్స్ సో ఈజీ. జస్ట్ లాగ్ చెప్పు. లాగ్, లాగ్, లాగ్!’ అని రూతు గెంతింది. దానికి లాగు అంటే ఏంటో తెలీదు, దానికి తెలిసినవి షార్ట్సు. ఆయన దాన్ని చూసి నవ్వబోయి ఆగిపోయారు.

‘మీరు ఇక్కడివాళ్ళలా అనండి, సాగదీసి, లాఆగ్ అని. అప్పుడు మన లాగులా ఉండదు’ అన్నాను.

‘ఎట్లా అన్నా అదే కదా.’

‘ఏదీ! ఏది అదే? ఎవరు నవ్వుతారండీ? డార్లీన్‌కి తెలుగొచ్చా? ఆ నెర్మిన్‌కొచ్చా? హాల్డెన్‌ది తెనాలా?’ గరిటె బల్ల మీద కొట్టాను. పప్పు చింది ఆయన చొక్కా మీద పడింది.

ఆయన ఆ మరకని చూసుకుంటూ, చిన్నగా, ‘నవ్వుతారు లూసీ’ అన్నారు. ‘వద్దులే. మానేస్తాను. గోడౌన్ పని ఉంది కదా.’

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్ని లెక్కలొచ్చిన మనిషి, ఇరవై ఏళ్ళ కిందటి ఒక లాగుకి భయపడి, ఉన్న ఒక్క క్లాసూ వదులుకుని మళ్ళీ వారమంతా కార్పెట్లు మోసుకుంటాడంట! కోపంతో గిన్నెలన్నీ రెండోసారి తోమాను. తోముతూ ప్రార్థన చేశాను. ప్రభువా, నత్తి మోషే నోరు తెరిపించావు, ఈయన నోట్లోంచి ఆ ఒక్క ముక్కా రప్పించు, ఇంకేమీ అడగను. ఆ క్లాసు పోతే ఆయన మళ్ళీ మాట్లాడకుండా అన్నం తింటారు. అది నేను భరించలేను.

ఆదివారం షాంటిలీలో ఏసుపాదం గారింట్లో తెలుగు ఆరాధనకి వెళ్ళాం. అక్కడా నేనూరుకోలేదు, లెక్కల పేరు ఎత్తకుండా, మావారి ఉద్యోగం కోసం ప్రార్థించండని అడిగాను. ఏసుపాదం గారు కళ్ళు మూసుకుని, ‘ప్రభువా, కృపావరం గారి దారిలో అడ్డుగా ఉన్నదాన్ని తీసివేయి’ అన్నారు. ‘తీసివేయి’ అనగానే మావారు ఒక కన్ను తెరిచి నా వైపు అనుమానంగా చూశారు. నేను గబగబా ఆమెన్ అన్నాను.

గురువారం వచ్చింది. ఇస్త్రీ చేసుకున్నారు, సుద్దముక్కల సీసా జేబులో వేసుకున్నారు, కార్లో కూర్చున్నారు. వస్తున్నారు, అది చాలు అనుకున్నాను.

మిసెస్ హాల్డెన్ వెనక వరసలో నా పక్కనే కూర్చుంది. ముందు వరసలో నెర్మిన్, ఆవిడ వెనక డార్లీన్, మొహం ముడుచుకుని. ఆయన బోర్డు మీద లెక్క వేశారు. రెండుకి పైన ఎక్స్, ఈక్వల్స్, యాభై. ఆ ఎక్స్ కిందికి రావాలంటే ఇంక వేరే దారి లేదు. నెర్మిన్ సాయం చేద్దామని పెదాలతో ‘లోగరిత్మా’ అని చూపిస్తోంది. ఓసి నీ సాయం తగలెయ్యా, ఊరుకోవే తల్లీ అని మనసులోనే మొత్తుకున్నాను.

ఆయన తిరిగారు. చొక్కా కాలర్ సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. నా సూది వేలికి గుచ్చుకుంది.

‘టేక్ ద లాగ్,’ అన్నారు. ‘టేక్ ద లాగ్ ఆన్ బోత్ సైడ్స్.’

అనేశారు! గట్టిగా, శుభ్రంగా, మొత్తం గదికి వినపడేట్టు అనేశారు.

డార్లీన్ తలొంచుకుని రాసుకుంది. నెర్మిన్ రాసుకుంది. మిగతావాళ్ళూ రాసుకున్నారు. కాయితాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన ‘బేస్ టెన్’ అన్నారు, ‘ఇన్ ఇంగ్లిష్, లాగ్. ఎవ్రీబడీ సే ఇట్’ అన్నారు. అందరూ లాగ్ అన్నారు. డార్లీన్ లేచి బోర్డు దగ్గరికెళ్ళి, లాగ్, లాగ్ అనుకుంటూ ఎక్స్ విలువ తేల్చి వచ్చింది. మిసెస్ హాల్డెన్ నా వైపు వంగి, ‘నాకు కావలసింది ఇదే. జనవరిలో కూడా ఆయనే’ అని చెవిలో చెప్పింది.

నేను స్తోత్రం చెప్పుకుని ఆయన వైపు చూశాను. సంతోషంగా ఉంటారనుకున్నాను. లేరు. సుద్దముక్క పట్టుకుని, కొంచెం భుజాలు బిగించి, ఇంకా నిలబడే ఉన్నారు. వెనక బెంచీ దాకా ఒక్కొక్క మొహమూ చూస్తున్నారు. ఎవరూ నవ్వడంలేదు. నవ్వరు కూడా, ఎందుకు నవ్వుతారు? ఇన్నేళ్ళూ భయపడి దాచుకున్న మాట తీసి బల్ల మీద పెడితే, అది ఇక్కడ ఎవరికీ ఏమీ కాదు. ఆయన లాగు మేష్టారని తెలిసినవాళ్ళు నేను తప్ప ఈ ఊళ్ళో లేరు, ఈ దేశంలోనే లేరు. అది ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. ఇన్నాళ్ళూ ఆ మనిషి మీద విసుక్కోవడమే గాని, ఆయన మీద జాలి పడ్డం అదే మొదటిసారి.

జాలి పడ్డానా, అట్లా పడుతూ ఉండగానే, ఆ నలభై మంది పిల్లలూ, వాళ్ళ లాగులూ, చేతులు కట్టుకుని లేచిన ఆ వెధవా, అందరూ ఒక్కసారి కళ్ళముందుకొచ్చారు. నవ్వు తన్నుకొచ్చింది. కోటు చెయ్యి నోట్లో కుక్కుకున్నాను. ఆగితేనా! కిసుక్కున బయటికొచ్చింది, ఆ తర్వాత పగలబడి వచ్చేసింది. క్లాసంతా వెనక్కి తిరిగింది. మిసెస్ హాల్డెన్ గుడ్లప్పగించి చూసింది. అయిపోయింది, ఇంక ఈయన నాతో ఈ జన్మకి మాట్లాడరు అనుకున్నాను, అనుకుంటూనే నవ్వుతున్నాను, కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

ఆయన నన్నే చూస్తున్నారు. చూసి చూసి, కళ్ళజోడు తీశారు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఒకసారి గోడవైపు తిరిగి, తమాయించుకుని, మళ్ళీ ఇటు తిరిగారు. తిరిగి, ఆ క్లాసులోవాళ్ళందరి తలల మీదుగా నా వంక చూస్తూ, తెనాలి గొంతుతో, పూర్వం ఇన్‌స్పెక్టరు గారి ముందు చెప్పినట్టే చెప్పారు.

‘రెండు పక్కలా లాగ్ తీయండి!’

‘వాట్ వజ్ దట్, మిస్టర్ కృపావరం?’ అంది మిసెస్ హాల్డెన్.

‘సేమ్ థింగ్, మేడమ్’ అన్నారు.

నేను కుట్టుపని పక్కన పెట్టాను. లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను.

‘రెండు పక్కలా అంటే ముందూ వెనకానా, మేష్టారూ?’